పోటు తల మీద థర్జా వింటిల్

సెవర్న్ నది ఒడ్డున హెంప్లీ అనే ఊళ్ళో రేవు పడవ నడిపే సైలస్ వింటిల్‌కి ఒక్కతే కూతురు. పేరు థర్జా. ఆ పిల్లకి నవ్వు జబ్బు ఉందని ఊరంతా అనుకునేవారు. మామూలుగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. చర్చిలో అందరికంటే బుద్ధిగా కూర్చునేది, బళ్ళో లెక్కలు చేసేది, తల్లి పోయినప్పుడు ఏడవాల్సినంత ఏడ్చింది. కానీ కాళ్ళ కింద పడవ ముక్కు పైకి లేచిందంటే చాలు, పొట్టలో ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు మొదలయ్యేది. ఆపటం ఎవరి తరమూ కాదు. తండ్రి కసిరాడు, బెదిరించాడు, ఒకసారి పడవలోనే తడి తాడుతో రెండు తగిలించాడు. దెబ్బలు తింటూ కూడా నవ్వింది, ఎందుకంటే ఆయన కొడుతుంటే పడవ ఊగింది.

పడవ ముక్కు లేవటానికి హెంప్లీలో కొదవ లేదు. అమావాస్యకీ పున్నమికీ, అందులోనూ మార్చిలో, సెప్టెంబరులో, సముద్రం నది నోట్లోకి జొరబడి నిలువెత్తు గోడై ఏటికి ఎదురెక్కి వచ్చేది. దాన్ని పోటు తల అనేవాళ్ళు. మొదట చూసినవాడు "పోటోయ్" అని కేక పెట్టేవాడు. ఆ కేక పొలం నుంచి పొలానికి, పెరడు నుంచి పెరడుకి, తల కంటే ముందు పరుగెత్తేది. అది చెవిన పడగానే ఒడ్డున కట్టిన పడవలన్నీ విప్పి నడి ఏట్లోకి తోసుకుపోవాలి. ఒడ్డునే వదిలేస్తే పోటు వాటిని గుడ్డు పెంకుల్లా రాతిగట్టుకేసి కొడుతుంది. నడి ఏట్లో, ముక్కు దానికి ఎదురు పెట్టి నిలబడితే, కిందనుంచి ఎత్తి, అవతల దించి, తన దారిన తను పోతుంది. దీన్నే తల చూడటం అనేవాళ్ళు. తల చూడనివాడికి హెంప్లీలో ఎవరూ పిల్లనివ్వరు. రేవు పడవ తెడ్డయితే ముట్టుకోనివ్వరు.

థర్జా తన ఏడో ఏట, తండ్రి మోకాళ్ళ మధ్య ఇరుక్కుని, మొదటిసారి తల చూసింది. పడవ పైకి లేచింది. పొట్ట కిందే ఉండిపోయింది. తర్వాత పడవ కిందికి దిగింది, అప్పుడు పొట్ట పైకి వచ్చింది. ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఆ పిల్ల బుర్ర తెరుచుకుని, లోపలికి ఆకాశం మొత్తం ఒక్కసారి దిగింది. ఒడ్డుకొచ్చి అరగంట నవ్వింది. ఆ రాత్రి నిద్రలోనూ నవ్విందట. పొద్దున లేచి, రేవు పడవ నాకివ్వు నాన్నా అని అడిగింది. ఏడేళ్ళప్పుడు అడిగింది పందొమ్మిదేళ్ళదాకా రోజూ అడిగింది.

హెంప్లీ పిల్లలకి చదువు తర్వాత, నది ముందు. బళ్ళో మిస్ ఆర్కెల్ అనే టీచరమ్మ ఉండేది. కొత్తగా వచ్చిన ఏడాది, కేక వినపడగానే తలుపుకి తాళం వేసింది. పిల్లలు కిటికీల్లోంచి దూకారు. రెండో ఏడాది కిటికీలకి మేకులు కొట్టించింది. పిల్లలు పొయ్యి బొగ్గు పోసే కన్నంలోంచి ఒక్కొక్కరే పాకి బయటపడి, నల్లటి ముఖాలతో గట్టు మీద వరసగా నిలబడ్డారు. మూడో ఏడాది కేక వినపడగానే టీచరమ్మే గౌను మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని అందరికంటే ముందు ఉరికింది. చదువు చెప్పేవాళ్ళు కూడా కొన్నాళ్ళకి చదువుకుంటారు.

ఏప్రిల్ వస్తే నదిలోకి పాముల్లా ఉండే మలుగు చేపల పిల్లలు వచ్చేవి, దారప్పోగుల్లాంటివి, లక్షలు. పందికొవ్వులో వేపి పైన గుడ్డు కొట్టిపోస్తే పళ్ళెంలో తెల్లటి గడ్డివాములా లేచేవి. నెల్లాళ్ళు ఊళ్ళో పిల్లలందరి మూతులూ మెరుస్తుండేవి. నీళ్ళు తీసినప్పుడు ఒండ్రు గట్ల మీంచి రేకు పళ్ళేల మీద కూర్చుని జారటం ఇంకో వేడుక. అంత నునుపైన బురద దేవుడు ఇంకెక్కడా చేయలేదు. ఆ పళ్ళేలు పబ్బులోవి. పబ్బు మిసెస్ క్లటర్‌బక్‌ది. ఆవిడ వెనక గుమ్మంలో నిలబడి, పళ్ళెం తీసుకుపోయిన ప్రతివాణ్ణీ తండ్రి పేరు పెట్టి, తాత పేరు పెట్టి తిట్టేది. తండ్రులూ తాతలూ ముందు గుమ్మంలో కూర్చుని బేరిపళ్ళ కల్లు తాగుతూ వినేవాళ్ళు. ఒక సెప్టెంబరు పోటులో ఆవిడ పంది కొట్టుకుపోయింది. నాలుగు మైళ్ళు ఏటికి ఎదురుగా పోయి, మళ్ళీ నీళ్ళు తీసేటప్పుడు ఎవరిదో తలుపు మీద నిలబడి, పట్టాభిషేకానికి వెళ్ళొస్తున్న రాజులా, సరిగ్గా పబ్బు ముందే దిగింది. ఊరంతా టోపీలు తీసింది.

నది ఒడ్డున ముప్పయ్యేళ్ళు బతికి ఒక్కసారి కూడా పడవ ఎక్కని మనిషి మిసెస్ క్లటర్‌బక్. అయినా రేవు ఆవిడదే. రేవు పబ్బుతో పాటు వస్తుంది, పబ్బు మొగుడి నుంచి వచ్చింది. నీళ్ళంటే తెలియనివాళ్ళ చేతిలో నీళ్ళ హక్కు ఉండటం ఆ దేశంలో పాత ఆచారం.

పబ్బులో గోడకి రెండు గడియారాలుండేవి. ఎండాకాలం మొదట్లో ప్రభుత్వం దేశం మొత్తం చేత గడియారాలు గంట ముందుకి తిప్పించేది, అక్టోబరులో మళ్ళీ వెనక్కి. ఒక గడియారం ఆ లెక్క ప్రకారం నడిచేది, పబ్బు ఎప్పుడు మూయాలో పోలీసుకి తెలియటం కోసం. రెండోది నీటి గడియారం. దాని ముల్లు ఏడాది పొడవునా ఎవరూ ముట్టుకునేవారు కాదు. చంద్రుడు లండన్ మాట వినడు, పోటు వినదు, పోటు పంచాంగం వేసేవాళ్ళూ వినరు. అందుకని దేవుడి సంగతులూ దొరల సంగతులూ మొదటి గడియారం ప్రకారం, నీళ్ళ సంగతులు నీటి గడియారం ప్రకారం జరిగేవి. హెంప్లీలో పుట్టినవాడెవడూ ఈ విషయంలో పొరబడలేదు. పడవవాళ్ళెవరికీ చేతి గడియారాలు లేవు, అవసరం పడలేదు.

థర్జాకి పందొమ్మిదో ఏడు వచ్చేసరికి సైలస్ చేతులు పోయాయి. నలభై ఏళ్ళ తడి వేళ్ళ కీళ్ళలో చేరి, ఒక్కో కణుపూ వాల్‌నట్ కాయంత అయింది. తెడ్డు పట్టుకుంటే వదల్లేడు, వదిలితే పట్టుకోలేడు. రెండేళ్ళుగా రేవు నడుపుతున్నది నిజానికి థర్జానే. ఆయన పడవ చివర కూర్చుని సరంగులా కనిపించేవాడు, అంతే. ఆ సెప్టెంబరు మొదట్లో అదీ కుదరక మంచం పట్టాడు.

అప్పుడు మిసెస్ క్లటర్‌బక్ తన మేనల్లుడు లయొనెల్‌ని గ్లోస్టర్ పట్నం నుంచి పిలిపించింది. లయొనెల్ అక్కడ కాలవలో పోటీ పడవలు నడిపి మూడు వెండి గిన్నెలు గెలుచుకున్నాడు. చారల కోటు, తెల్ల ప్యాంటు, చేతికి గడియారం. బ్యాంకులో ఉద్యోగం పోయింది. పేదవాడికి పని పోతే సోమరితనం అంటారు, చారల కోటువాడికి పోతే విశ్రాంతి అంటారు. రేవు ఇకమీదట లయొనెల్‌ది అని ఆవిడ పబ్బులో చెప్పింది.

మూలన కూర్చున్న డెబ్భై ఏళ్ళ ఫెల్ప్స్ అవ్వ గ్లాసు కింద పెట్టి, బాబు తల చూశాడా అని అడిగింది. లయొనెల్ మర్యాదగా, ఎవరి తల అన్నాడు. ఆ మాట మీద ఊరు వారం రోజులు బతికింది. పిల్లలు వీధిలో ఒకరి టోపీ ఒకరు ఎత్తి, ఎవరి తల అండీ అని అడుగుతూ తిరిగారు.

మిసెస్ క్లటర్‌బక్ మొండిది గాని తెలివితక్కువది కాదు. ఊరంతా అలిగి తాగటం మానేస్తే రేవు ఉండీ ఏం లాభం? అందుకని మధ్యేమార్గం చెప్పింది. శనివారం పెద్ద పోటు. పంచాంగంలో, అంటే నీటి గడియారంలో, తొమ్మిది గంటలకి. లయొనెల్ రేవు పడవలో, థర్జా తన తండ్రి చేపలు పట్టే వల పడవలో, ఇద్దరూ తల చూడాలి. పాదిరిగారు ఒడ్డున ఉండి తీర్పు చెప్తారు. ఎవరు నిబ్బరంగా తిరిగొస్తే రేవు వాళ్ళది. థర్జా వైపు తిరిగి ఇంకో మాట కూడా అంది.

"నవ్వేవంటే మాత్రం కుదరదమ్మాయ్. పిచ్చిదానిలా నవ్వే పిల్ల చేతిలో నా ప్రయాణికుల్ని పెట్టను."

"నవ్వనండి," అంది థర్జా. ఆ మాట అంటుంటేనే మూతి వణికింది.

వారం రోజులు నవ్వకుండా ఉండటం సాధన చేసింది. చచ్చిపోయినవాళ్ళని తలుచుకుంది. పన్ను నొప్పిని తలుచుకుంది. పశువుల తొట్టెలో చెక్క వేసి దాని మీద నిలబడి ఊగుతూ పాదిరిగారి ప్రసంగాలు వల్లించింది. ఆఖరికి ఫెల్ప్స్ అవ్వ సలహా మీద నోట్లో రెండు గులకరాళ్ళు పెట్టుకుని ఊగింది. నవ్వు ముక్కులోంచి వచ్చింది, రాళ్ళు పక్కింటి కోడికి తగిలాయి. తండ్రి మంచంలోంచి ఇదంతా విని గోడ వైపు తిరిగాడు. రేవు పోతే రేవు ఇల్లూ పోతుంది. ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

శుక్రవారం సాయంత్రం మిసెస్ క్లటర్‌బక్ పబ్బు కడిగించింది. మర్నాడు లయొనెల్ స్నేహితులు గ్లోస్టర్ నుంచి వస్తున్నారు. గోడ తుడుస్తూ రెండు గడియారాలకేసి చూసింది. ఒక గదిలో రెండు టైములు. పట్నంవాళ్ళు నవ్వరూ? కుర్చీ ఎక్కి నీటి గడియారం ముల్లు గంట ముందుకి తిప్పింది. రెండూ ముచ్చటగా ఒకే టైము చూపించాయి. ఆవిడకి తృప్తిగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన సంగతి అనుకోలేదు.

శనివారం తెల్లారేసరికి నది మీద పొగమంచు పాల మీగడలా కట్టింది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు. జనం అలవాటుగా పబ్బులో తొంగిచూసి, నీటి గడియారం ఎనిమిదిన్నర చూపిస్తుంటే గట్టు మీదికి పరుగెత్తారు. థర్జా బయల్దేరుతుంటే తండ్రి, ఇంత పెందలాడే ఎందుకే అన్నాడు. గడియారం చూశా నాన్నా అంది. ఆయన ఏదో గొణిగాడు. నొప్పుల మందు మత్తు అనుకుంది.

తొమ్మిదయింది. పడవలు రెండూ నడి ఏట్లో నిలబడ్డాయి. గట్టు మీద ఊరంతా మెడలు సాచింది. నది తన మానాన కిందికి పారుతోంది. తొమ్మిదింపావు. ఒక బాతు కుటుంబం మాత్రం వచ్చింది. జనం దానికే చప్పట్లు కొట్టారు. తొమ్మిదిన్నర. పెద్దవాళ్ళ ముఖాలు మారాయి. పోటు అయిదు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, పది నిమిషాలు కూడా. అరగంట ఎన్నడూ కాలేదు. నీటి గడియారం అబద్ధమాడదు, కాబట్టి నదే అబద్ధమాడింది. ఇంతే, ఇంకో ఆలోచన ఒక్కడికీ రాలేదు. సముద్రం ఎండిపోయిందన్నాడొకడు. లోకాంతం అన్నాడింకొకడు, అని కల్లు తెచ్చుకోవటానికి లోపలికి వెళ్ళాడు. పిల్లలకి అంత తీరిక లేదు. నది రానంటే బురద ఉందిగా అని పబ్బు పళ్ళేలు పట్టుకుని గట్టు మీంచి జర్రున నీటి అంచుదాకా జారటం మొదలుపెట్టారు. కాసేపటికి పెద్దవాళ్ళూ జారారు. మిస్ ఆర్కెల్ కూడా జారింది.

మిసెస్ క్లటర్‌బక్ అవకాశం వదిలే మనిషి కాదు. నది రాలేదు, పోటీ లేదు, కనక తన మాటే మాట అని ప్రకటించింది. కొత్త సరంగు మొదటిసారి రేవు యజమానిని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి తేవాలి, అదే పట్టా. లయొనెల్ పడవని ఒడ్డుకి తెచ్చాడు. ఆవిడ కొత్త టోపీ పెట్టుకుని, పాదిరిగారిని సాక్షిగా వెంటబెట్టుకుని, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి పడవ ఎక్కింది. గ్లోస్టర్ స్నేహితులు హుర్రే అన్నారు.

థర్జా వల పడవ గట్టుకి కట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా పబ్బులోకి వెళ్ళింది. గోడకి ఆనుకుని నిలబడింది. రేవు పోయింది. పన్నెండేళ్ళుగా అడిగింది తను ఏ తప్పూ చేయకుండానే, ఒక్క అల కూడా లేకుండా పోయింది. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు అవతలి ఒడ్డున, మంచులో ఎక్కడో, గ్లోస్టర్ వెళ్ళే పాసింజరు బండి కూత వేసింది.

గుమ్మంలో కూర్చున్న ముసలాయన, బండి కూడా గంట లేటు, ఇవాళ అందరికీ బద్ధకమే అన్నాడు. థర్జా తలెత్తి నీటి గడియారం చూసింది. పదికి పది నిమిషాలుంది. ఎండాకాలపు లెక్క నడిచినన్నాళ్ళూ ఆ బండి రోజూ ఆ గడియారంలో తొమ్మిదికి పది నిమిషాలున్నప్పుడు పోతుంది. తను పుట్టినప్పటినుంచీ పోతోంది. బండి గంట లేటు. నది గంట లేటు. ఇద్దరూ కూడబలుక్కుని ఒకే గంట లేటవుతారా? తర్వాత పక్క గడియారం చూసింది. అదీ పదికి పది నిమిషాలే.

గడియారాన్ని ఎవరో తిప్పారు. పోటు లేటు కాలేదు. ఇంకా పది నిమిషాలుంది. ఊరు సగం నీటి అంచున బురదలో పళ్ళేల మీద ఉంది.

బయటికి ఉరికి, గొంతులో ఉన్నదంతా పెట్టి "పోటోయ్" అని కేకేసింది.

హెంప్లీవాళ్ళకి ఆ కేక చెవుల్లోంచి నేరుగా కాళ్ళలోకి పోతుంది, మధ్యలో బుర్రతో పనిలేదు. ఉండవే, రాదని తేలిపోయిందిగా అని నోళ్ళు అంటూనే ఉన్నాయి, కాళ్ళు అప్పటికే గట్టెక్కుతున్నాయి. ఎందుకు పరుగెడుతున్నావంటే నువ్వెందుకని ఒకరినొకరు అడుక్కుంటూ, బురదలో జారి పడి, లేచి, పిల్లల్ని చంకల్లో ఇరికించుకుని, పళ్ళేలు తల మీద పెట్టుకుని, పడీ పడీ నవ్వుతూ ఊరంతా పైకి పాకింది. మిస్ ఆర్కెల్ ఇద్దరు పిల్లల్ని కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఫెల్ప్స్ అవ్వ ఒక్కతే ఆగి థర్జాని నిలదీసింది.

"నిజంగానా, ఆడుతున్నావా?"

"గడియారం తిప్పారవ్వా. బండి లేటు కాదు."

అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, గ్లోస్టర్ కుర్రాళ్ళని కర్రతో గట్టు మీదికి తోలటానికి వెళ్ళింది.

నది మధ్యలో రేవు పడవ మాత్రం మిగిలింది. లయొనెల్ కాలవ అలవాటు కొద్దీ గీత గీసినట్టు నిటారుగా పోయి, నేరుగా ఇసుక తిన్నె ఎక్కించాడు. ఇప్పుడు తెల్ల ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నీళ్ళలో నిలబడి, పడవని అటూ ఇటూ కదుపుతున్నాడు. పడవ తిన్నె మీద అడ్డంగా, పక్క పోటుకి ఇచ్చి, నైవేద్యంలా కూర్చుంది.

థర్జా వల పడవ విప్పి దూకింది. తిన్నె దగ్గరికి చేరేసరికి, దూరంగా, మంచు అవతల, బండి వంతెన మీద పోతున్నట్టు మోత మొదలైంది. లయొనెల్ అది రైలే అనుకున్నాడు. థర్జా రేవు పడవలోకి ఎక్కి, అతన్ని ఆ పక్కన భుజం వేయమని చెప్పి, తను గెడతో పొడిచి ఎత్తింది. ఇద్దరూ కలిసి తోస్తే పడవ తిన్నె దిగింది. అతన్ని కాలర్ పట్టుకుని లోపలికి లాగి, ముక్కు దగ్గర బోర్లా పడుకోమంది. ఏం జరుగుతోందని మిసెస్ క్లటర్‌బక్ అడిగింది. తన పడవలోకి ఎవరు ఎక్కమన్నారని కూడా అడిగింది.

"కింద కూర్చోండమ్మగారూ. పోటొస్తోంది."

"రాలేదని తేలిపోయింది గదా."

"మీరు గడియారం తిప్పారా?"

ఆవిడ పడవ అడుగున, తడిలో, కొత్త టోపీతో సహా కూర్చుంది. పాదిరిగారు అప్పటికే కూర్చున్నారు.

ఇందాక తను ఎక్కి వచ్చిన వల పడవ ఖాళీగా పక్కకి తేలిపోతోంది. నాన్న దాన్ని తన చేతులతో చేశాడు. థర్జా దానికేసి చూసింది, చూపు తిప్పుకుంది. రెండు తెడ్లూ అందుకుని పడవ ముక్కు మోతకి ఎదురు తిప్పింది.

తెడ్డు వేసే మనిషి వీపు ముందుకీ ముఖం వెనక్కీ ఉంటాయి. పోటు తల థర్జాకి కనపడదు. ఎదురుగా కనపడేది పడవ చివర కూర్చున్న రెండు ముఖాలు. తల ఎంత దూరంలో ఉందో ఆ ముఖాల్లోనే చూసుకుంది. మొదట పాదిరిగారి కళ్ళజోడు తెల్లబడింది. తర్వాత మిసెస్ క్లటర్‌బక్ గడ్డం కిందికి జారింది. ఇంకా జారింది. ఆవిడ కనుబొమ్మలు టోపీలోకి పోయి మాయమయ్యాయి. ఇంత దగ్గరా అనుకుంది థర్జా, ఇంకో నాలుగు తెడ్లు బలంగా వేసింది. ముక్కు దగ్గర లయొనెల్ అమ్మా అన్నాడు.

పడవ లేచింది.

లేచి, లేచి, ముక్కు ఆకాశం వైపు తిరిగి, పాదిరిగారూ మిసెస్ క్లటర్‌బక్కూ థర్జా కాళ్ళ కింద, చాలా లోతున, బావిలో ఇద్దరు మనుషుల్లా కనిపించారు. థర్జా చచ్చిపోయినవాళ్ళని తలుచుకుంది. పన్ను నొప్పిని తలుచుకుంది. అప్పుడు పాదిరిగారు ఒక చేత్తో కళ్ళజోడూ ఇంకో చేత్తో మిసెస్ క్లటర్‌బక్ చెవీ పట్టుకున్నారు, అందినదేదో పట్టుకోవాలి కదా. ఇక ఆగలేదు. పొట్టలోంచి, మడమల్లోంచి, ఏడేళ్ళప్పటినుంచి తన్నుకొచ్చినట్టు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కుడి తెడ్డు లాగింది, నవ్వుతూనే ఎడమది వెనక్కి నెట్టింది, కళ్ళలో నీళ్ళు కారి ఏమీ కనపడకపోయినా చేతులు ఒక్క వేలు కూడా తడబడలేదు. పడవ శిఖరం మీద ఒక్క క్షణం ఆగింది. అక్కడినుంచి నది రెండు మెట్లుగా కనపడుతుంది, ముందు పైమెట్టు, వెనక కిందిమెట్టు. తర్వాత దిగింది. దిగటం ఎక్కటం కంటే బాగుంటుంది. వెనక ఇంకో ఆరు అలలొచ్చాయి, ఒక్కోదానికీ ఎక్కి దిగారు.

మూడో అలకి పడవలో ఇంకో నవ్వు వినపడింది. థర్జా తన నవ్వే అనుకుంది. కాదు. మిసెస్ క్లటర్‌బక్, టోపీ ఒక చెవికి వేలాడుతుండగా, పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని, ఈత నేర్చిన పిల్లలా కిచకిచ నవ్వుతోంది. ఆరో అల అయిపోయాక కూడా ఇంకా ఉన్నాయా అని అడిగింది.

పోటు వాళ్ళని అర మైలు పైకి మోసుకుపోయి ఒక బేరితోటలో దింపింది. వల పడవ దొరకలేదు. గ్లోస్టర్ వంతెన దాటి పోయిందని తర్వాత తెలిసింది.

ఊరి కథలు చెప్పేవాళ్ళు, తోటలోనే మిసెస్ క్లటర్‌బక్ థర్జాని కావలించుకుని రేవు ఇచ్చేసిందని చెప్తారు. అలా జరగలేదు. తోటలో ఆవిడ టోపీ పిండుకుని, "నువ్వు నవ్వావు. నేను చూశాను," అంది.

"నవ్వానండి."

"నవ్వద్దని చెప్పాను."

"చెప్పారండి."

పాదిరిగారు గొంతు సవరించుకుని, పడవలో నవ్వినవాళ్ళు ఒక్కరు కారేమోనని అన్నారు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం దాకా ఆవిడ ఏ మాటా చెప్పలేదు. లయొనెల్ తండ్రికి, అంటే తన అన్నకి, మాట ఇచ్చింది మరి. చెప్పింది లయొనెల్. తడి ప్యాంటుతోనే నిలబడి, అత్తయ్యా, ఈ నదిలో నేను మళ్ళీ కాలు పెట్టను, ఉద్యోగం దొరక్కపోతే దొరక్కపోయిందని స్పష్టంగా చెప్పి, ఆఖరి బండికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు థర్జా దగ్గరికొచ్చి, మీలా తెడ్డు వేయటం నేనెక్కడా చూడలేదని అన్నాడు. మంచివాడే. అయినా సంగతి సంగతే. బాగా చేసినందుకు రేవు ఆమెకి రాలేదు. కావాలనుకున్న దొరబాబు వద్దనుకున్నాక వచ్చింది. లోకంలో చాలా మంచి చేతులకి పనులు ఇలాగే వస్తాయి. థర్జాకి ఆ తేడా తెలుసు. తెలిసీ ఇంటిదాకా గంతులేస్తూ వెళ్ళింది.

సైలస్ అంతా విన్నాడు. వల పడవ సంగతి విన్నప్పుడు తన వంకర వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత, పెందలాడే ఎందుకే అన్నానా లేదా అన్నాడు. ఇంకొంతసేపటికి, ముక్కు నిటారుగా పెట్టావా అని అడిగాడు. పెట్టానంది. పడుకో ఇక అన్నాడు.

తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు హెంప్లీ రేవు థర్జా వింటిల్‌దే. గొర్రెల్ని దాటించింది, పెళ్ళిబృందాల్ని దాటించింది, యుద్ధంలోకి వెళ్ళేవాళ్ళని దాటించింది, వాళ్ళలో సగంమందిని తిరిగి దాటించింది. కానీ మొదటి రోజు, సోమవారం, అంత గొప్పగా సాగలేదు.

పొద్దున్నే అవతలి ఒడ్డున దూడల వ్యాపారి ఒకడు రెండు దూడలతో నిలబడి రేవు గంట కొట్టాడు. థర్జా పడవ వేసుకుని వెళ్ళింది. అతను పడవలోకి చూసి, ఆమె వెనక చూసి, సరంగుని పిలవమన్నాడు. తనే సరంగునంది. అతను దూడల తాళ్ళు బిగించి పట్టుకున్నాడు.

"ఆడదాని పడవలో నా పశువుల్ని ఎక్కించను."

"మీ ఇష్టమండి. గ్లోస్టర్ వంతెన పదకొండు మైళ్ళు."

నడుస్తానన్నాడు. నడిచాడు. థర్జా ఖాళీ పడవతో తిరిగొచ్చింది. ఫెల్ప్స్ అవ్వ గట్టు మీద కూర్చుని, మొదటి బేరం బాగానే అయిందే అని వెక్కిరించింది. మధ్యాహ్నం చర్చికి పోయే ఇద్దరు ముసలమ్మలు దాటారు. ఇంకెవరూ రాలేదు.

సాయంత్రం అవతలి ఒడ్డున మళ్ళీ గంట మోగింది. అదే మనిషి. మూడు మైళ్ళు పోయాక ఒక దూడ రోడ్డు మధ్యలో పడుకుందట. రెండోది దాన్ని చూసి పడుకుంది. రెండిటినీ లేపి తిప్పుకొచ్చేసరికి ఈ వేళయింది. బూట్లు చేతిలో పట్టుకుని, నీళ్ళ మీంచి అరిచి, వస్తున్నావా అని అడిగాడు. థర్జా గుమ్మంలో కూర్చుని ఉంది. టీ తాగుతున్నానని అరిచి చెప్పింది. కప్పు నిండా ఉంది. పూర్తిగా తాగింది. కప్పు కడిగి బోర్లించి, తండ్రికి దుప్పటి సర్ది, అప్పుడు వెళ్ళింది.

దూడలు తాళ్ళు లాగకుండానే ఎక్కాయి. అతను వాటి వెనక ఎక్కి, ముఖం పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. తిన్నెని చుట్టి లోతు నీళ్ళలోకి రాగానే, అటువైపే చూస్తూ అన్నాడు.

"గురువారం ఒక ఆవుని తోలుకొస్తాను."

"కొమ్ములున్నదా?" అని అడిగింది థర్జా, తెడ్డు ఆపకుండా.